నీరుగంటి కొండలయ్య కన్ను

కొండలయ్య తాత పార ఎవరి గట్టు మీద నాటితే నీళ్ళు ఆ చేలోకి పోవాలి. మా ఊళ్ళో అంతే. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డుకు ఎడమ పక్కన, కొండల కింద ఉండే చెరువు మాది. ఊరి పేరు రాయను. రాస్తే రెండో రోజుకే ఎవరో ఒకరు మా ఇంటి ముందు జీపు ఆపుతారు. సోమశిల నీళ్ళు మా దాకా ఎక్కవు. వాన పడితే చెరువు, చెరువు నిండితే వరి, లేకపోతే ఊరంతా అరుగుల మీద కూర్చుని గవర్నమెంటును తిట్టడం.

తాత ఆ చెరువుకు నీరుగంటి. తూము ఎత్తేదీ దించేదీ ఆయనే, ఏ చేనికి ఎప్పుడు నీళ్ళు మలపాలో చూసుకునేదీ ఆయనే. సొంతానికి సెంటు భూమి లేదు. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, భుజాన పార. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని మా బాప్టిస్టు చర్చిలో ముందు వరసలో కూర్చుని, ప్రసంగం మొదలైన కాసేపటికి హాయిగా నిద్రపోయేవాడు. "అందరి ముందర అట్ట గురకేంది మామా?" అని మా అమ్మ రెబెకమ్మ కోప్పడితే, "తూము గుర్తు రాకుండా ఉండే చోటు నాకు అదొక్కటే మే, పోనీలే" అనేవాడు.

మా అమ్మకు ఆయన మేనమామ. నాకు తాత. కావలిలో డిగ్రీ సగంలో వదిలేసి ఇంటికొచ్చినప్పుడు, "ఏందిరా హెన్రీ, కలెక్టరు ఉద్యోగం ఎప్పుడు?" అని ఊరంతా నన్ను ఏడిపిస్తుంటే, "నాతో రారా, చెరువు కట్ట మీద గాలన్నా వస్తది" అని పిలిచినవాడు ఆయనొక్కడే. అందుకే ఆయన గురించి రాస్తున్నాను. ఆయనకు జరిగింది మా ఊళ్ళో అందరికీ తెలుసు. పైకి అనేవాడు ఒక్కడూ లేడు.

ముందు వంతుల సంగతి చెప్పాలి.

నీళ్ళు తక్కువైన ఏడు ఆయకట్టులో అందరికీ వంతులు పెడతారు. ఇవాళ వీళ్ళ చేనికి, రేపు వాళ్ళ చేనికి. అయితే వంతు రాకముందే ఒకరి పైరు ఎండిపోయే స్థితికి వచ్చిందనుకోండి. ఆ పైరు గలవాడు నోరు తెరిచి అడగకూడదు. అడిగితే అడుక్కున్నట్టే లెక్క, మళ్ళీ పదిమందిలో కూర్చోలేడు. తాత పొద్దున్నే చేలన్నీ తిరిగేవాడు. నేల బీటల్లో కాలి బొటనవేలు దించి చూసేవాడు. నిజంగా ఎండుతున్న చేను ఏదో దాని గట్టు మీద తన పారను నిలువుగా నాటి, ఎవరితోనూ ఏమీ అనకుండా వచ్చి తూము దగ్గర కూర్చునేవాడు. ఆ రోజు వంతు ఎవరిదో వాళ్ళు ఆ పారను చూడాలి. చూసి, తూము దగ్గరికొచ్చి, "నా వంతు వాళ్ళకి మలుపు కొండలయ్యా" అనాలి. ఆ మాట వంతు ఉన్నవాడి నోటి నుంచే రావాలి. నీరుగంటి అనకూడదు, ఎండేవాడు అసలే అనకూడదు. అననివాణ్ణి నేను చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదంది.

పెంచలరెడ్డి మా ఊరి పెద్ద రైతు. పంచాయతీ ప్రెసిడెంటుగా ఎవరు కూర్చున్నా నడిచేది ఆయన మాట. ఆయనా తాతా ఒక ఈడువాళ్ళు. ఒకే చెరువులో ఈత నేర్చుకున్నారు. ఆయన తాతను "ఏరా కొండలా" అంటాడు, తాత ఆయన్ను "అయ్యా" అంటాడు. మనవళ్ళున్న మనిషిని రా ఏంది అని నాకు ఒళ్ళు మండేది, తాతకు మండేది కాదు. "చిన్నప్పటి నోరు రా, మారదు" అనేవాడు.

ఒక కరువేడు రెడ్డి చేను వెన్ను తీసే ముందు పొట్ట మీద ఎండుతుంటే తాత అక్కడ పార నాటాడు. వంతు మస్తానయ్యది. మస్తానయ్యకు ఉన్నదే తూము కింద చిన్న చెక్క పొలం. ఆయన వచ్చి, "నా వంతు రెడ్డికి మలుపు" అని చెప్పి వెళ్ళిపోయాడు. రెడ్డికి గింజ దక్కింది. మస్తానయ్య పైరు సగం తాలు పోయింది. దాని గురించి రెడ్డీ మాట్లాడలేదు, మస్తానయ్యా మాట్లాడలేదు. వంతు వదిలినవాడికి కృతజ్ఞత చెప్పే అలవాటు కూడా మా దగ్గర లేదు. రేపు నీకు ఎండితే ఇంకొకడు వదులుతాడు, అదే కృతజ్ఞత.

ఆత్మకూరులో కంటి క్యాంపు పెట్టినప్పుడు ఇద్దరికీ ఒకే జబ్బు బయటపడింది. నీటికాసులు. కంట్లో ఎప్పుడూ కొంచెం నీళ్ళు ఊరుతుంటాయి, కొంచెం బయటికి పోతుంటాయి. పోయే దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, చూపును మోసే నరం నలిగిపోతుంది. నలిగిన నరం తిరిగి రాదు. తాతకు అప్పటికే కుడి కన్ను పూర్తిగా పోయి ఉంది. ముసలితనం అనుకుని ఎవరికీ చెప్పలేదు. మిగిలింది ఎడమ కన్ను. రెడ్డికి ఎడమ కంట్లో మాత్రమే జబ్బు. కుడి కన్ను శుభ్రంగా ఉంది.

చుక్కల మందులు వేశారు. లొంగలేదు. నెల్లూరులో ఇద్దరికీ కంట్లో నీళ్ళు పోవడానికి చిన్న దారి తీసే ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళకే ఆ దారి మచ్చకట్టి పూడుకుపోయింది. ఇక మద్రాసు పోవాల్సిందే అన్నారు. తొంభై ఏడు వేసవి అది. చెరువు ఎండి, తాతకు పని లేని కాలం. రెడ్డి జీపు ఊరి బయట మా పాలెం ముందు ఆగింది.

"ఏరా కొండలా, నేనెట్టాగూ పోతావుండా. నువ్వూ ఎక్కు. ఆ కాలేజీ మానేసినోణ్ణి కూడా ఎక్కించు, నీకు చెయ్యి పట్టుకునే వాడు కావాల గదా."

ఆ జీపు ఎక్కించుకుంది ఆయనే. అది అబద్ధం చెప్పను. దారి పొడుగునా ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నారు.

"నీ కన్ను ఒకటే గదరా పోయింది, రెండోది ఉండాదిగా, ఇంకేం."

"నీకు రెండూ ఉండాయి గదయ్యా, నువ్వెందుకు మద్రాసు పోతావుండావు మరి?"

"నేను రెడ్డిని రా, నాకు రెండూ కావాల."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మద్రాసులో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ తెలుగావిడే, అక్కడే పుట్టి పెరిగింది. తెలుగు కొంచెం సాగదీసి మాట్లాడేది. ఇద్దరికీ ఎడమ కంట్లో నీళ్ళు పోయే గొట్టం పెట్టాలంది. బల్ల మీద రెండు నమూనాలు పెట్టింది. రెండూ ఒకటే రకంగా ఉన్నాయి, వేలి గోరంత బిళ్ళ, దానికి వెంట్రుకకన్నా కాస్త లావుగా మెత్తటి గొట్టం. బిళ్ళ కనుగుడ్డు పైన, పొర కింద కుడతారు. గొట్టం కొస కంటి లోపలికి పోతుంది. నీళ్ళు గొట్టంలోంచి వచ్చి బిళ్ళ చుట్టూ చేరి ఇంకిపోతాయి.

"ఇది వాల్వు ఉన్నది" అంది చిన్న బిళ్ళ చూపించి. "ఇవాళ పెడితే ఇవాళ్టి నుంచే పనిచేస్తుంది. ఒత్తిడి మరీ పడిపోకుండా లోపలి వాల్వు ఆపుతుంది. దీంతో ఇబ్బంది ఏమిటంటే, రెండు మూడు నెలలకు ఒత్తిడి మళ్ళీ కొంచెం ఎక్కొచ్చు, చుక్కలు మళ్ళీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఇదిగో, ఇది వాల్వు లేనిది. బిళ్ళ పెద్దది. చాలా కాలం మీద చూస్తే దీనితోనే ఒత్తిడి బాగా దిగుతుందని కొందరు అంటారు. కానీ మొదట్లో దీన్ని దారంతో కట్టేసి పెట్టాలి. బిళ్ళ చుట్టూ పొర గట్టిపడక ముందే వదిలేస్తే నీళ్ళన్నీ ఒక్కసారి పోయి కన్ను గాలి తీసిన బంతిలాగా అయిపోతుంది. ఆ దారం ఐదారు వారాలకు తనంతట తనే కరుగుతుంది. అప్పటి దాకా గొట్టం ఉన్నా లేనట్టే. మాత్రలు, చుక్కలతో నెట్టుకురావాలి."

తాత రెండు బిళ్ళలూ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అంటే అమ్మా, దీంట్లో నీరుగంటి ఉండాడు. దీంట్లో లేడు, తూముకు తాడు కట్టి పొయినాడు."

ఆవిడ నవ్వింది. నీరుగంటి అంటే ఏమిటని అడిగింది. రెడ్డే వివరంగా చెప్పాడు. వంతులు, పార నాటడం, వంతు వదలడం, అన్నీ చెప్పాడు. "వీడు పార నాటినాడంటే మా ఊళ్ళో ఎదురు చెప్పేవాడు లేడమ్మా" అని తాత భుజం మీద చెయ్యి వేశాడు.

"రెండిట్లో ఏది మంచిదమ్మా?" అని నేనడిగాను.

"అది తేల్చి చెప్పలేం బాబూ. డాక్టర్లం ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. ఏ కంటికి ఏది సరిపోతుందో మాత్రం చెప్పగలను." రెడ్డి వైపు తిరిగింది. "వాల్వు ఉన్నది ఇప్పుడు నా దగ్గర ఒక్కటే ఉంది. నెల్లూరు డాక్టరు రాస్తే మీ పేరున తెప్పించింది. ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలీదు, ఈయన కన్ను అంతదాకా ఆగదు. మీ ఒత్తిడి మాత్రలకు ఇంకా లొంగుతోంది, ఆరు వారాలు మీరు ఓర్చుకోగలరు. ఈయనది లొంగడం లేదు. పైగా ఈయనకు మిగిలింది ఈ ఒక్క కన్నే. మీరు సరేనంటే వాల్వు ఉన్నది ఈయనకు పెడతాను, రెండోది మీకు. మీ పేరున వచ్చింది కాబట్టి మిమ్మల్ని అడగాలి."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. రెడ్డి బల్ల మీద బిళ్ళనే చూస్తున్నాడు. తాత చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు. నేను మోచేత్తో పొడిచాను. కదల్లేదు.

"మీరేమంటారు?" అని ఆవిడ తాతనే అడిగింది.

"వంతు ఆయనది తల్లీ. ఆయన చెప్పాల."

"మధ్యాహ్నం చెప్తానమ్మా" అన్నాడు రెడ్డి.

బయట వేపచెట్టు కింద తాతను పట్టుకున్నాను. "నోట్లో ఏముండాది తాతా? నాకు పెట్టండి అనరాదా? ఆమె నీ తరఫునే మాట్లాడింది గదా."

"నేనెట్టా అంటానురా? ఎండేవాడు అంటాడా యాడన్నా?"

"ఇదేమన్నా చెరువా? ఆసుపత్రి ఇది."

"యాడైతే ఏంది. ఆమె పార నాటింది, ఆయన చూసినాడు. ఇంక ఆయన నోటితో రావాల. వస్తది. చిన్నప్పటి నుంచి ఎరుగుదును."

అంత ధీమాగా అన్నాడు. పొట్లంలో ఉన్న పులిహోర నాకు సగం పెట్టి తిన్నాడు. రెడ్డి రోడ్డవతల ఎస్టీడీ బూత్‌లో ఇంటికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఒక్కడే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాడు. వచ్చాక మా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కొండలా, డాక్టరమ్మ మళ్ళీ ఆలోచించిందిరా. నీ కంటికి ఆ తాడు కట్టేదే మంచిదంట. చానాళ్ళు పనిచేస్తదంట. నేను పొయ్యి నాది వాడికి పెట్టు అంటే వద్దనింది."

తాత మొహం వెలిగిపోయింది. "ఆమె చెప్పినాక ఇంకేం ఉండాది అయ్యా. నువ్వు అన్నావు, చాలు." నా వైపు తిరిగి, "ఏరా, ఏమన్నావు నువ్వు పొద్దున?" అన్నాడు. ఆ గర్వం నాకు ఇప్పటికీ కనపడుతుంది. ఆపరేషన్ ముందు డాక్టరమ్మ వచ్చి, "వాల్వు లేనిది పెడుతున్నాం, మీకు సమ్మతమేనా" అని అడిగితే, "మీరు చెప్పినాక సమ్మతం కాకేమి తల్లీ" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి తలూపింది. ఎందుకు ఆగిందో అప్పుడు నాకు తట్టలేదు.

ఆపరేషన్లు అయ్యాయి. రెడ్డికి నాలుగో రోజుకే ఒత్తిడి దిగింది. తాతది ఎక్కడిదక్కడే ఉంది. అది తెలిసిందే, దారం కరిగే దాకా అంతేనన్నారు. ఇంటికొచ్చాం. పాలెంలో జనం చుట్టూ చేరి కట్టు చూస్తుంటే, లిదియమ్మ అవ్వ, ఆయన భార్య, "పెళ్ళైన కాడ్నించి ఊరి తూము కాచినావు. ఇప్పుడు నీ కంటికే తూము పెట్టినారు. దీన్నెవరు కాయాల?" అని నవ్వించింది.

"నువ్వే కాయి మే, నేను పడుకుంటా."

మాత్రలకు తాత చేతులు చీమలు పాకినట్టు తిమ్మిరెక్కేవి. అన్నం సహించేది కాదు. నీళ్ళు తాగినా చేదనేవాడు. రెండో వారం పరీక్షకు రెడ్డి జీపులో మద్రాసు పోవాలని అనుకున్నాం. ఆ పొద్దున సామాను సర్దుకుని రోడ్డు మీద నిలబడ్డాం. జీపు రాలేదు. రెడ్డి ముందు రోజే వెళ్ళిపోయాడని పాలు తెచ్చే మనిషి చెప్పాడు.

"తొందర పనేదో పడుంటది" అన్నాడు తాత. మేం నెల్లూరు బస్సెక్కాం, అక్కణ్ణించి మద్రాసు బస్సు. ఆ ఒక్కసారి కాదు. తర్వాత ప్రతిసారీ బస్సే.

నాలుగో వారానికి ఆయన నడక మారింది. గుమ్మం పక్కల భుజం తగిలేది. పక్కన కూర్చున్న మనిషి కనపడక, మాట వినపడితే ఉలిక్కిపడేవాడు. "ఎదురుగా ఉండేది కనపడతా ఉండాదిరా, పక్కలే మూసుకుపోతా ఉండాయి. గొట్టంలో నించి చూసినట్టు ఉండాది" అన్నాడు. మద్రాసు తీసుకుపోయాను. డాక్టరమ్మ సూదితో కొంచెం నీళ్ళు తీసింది. రెండు రోజుల్లో మళ్ళీ ఎక్కింది. దారం ఇప్పుడే తెంపేద్దామా అని ఆవిడ ఇంకో పెద్ద డాక్టరుతో మాట్లాడింది. పొర ఇంకా గట్టిపడలేదు, తెంపితే కన్నే కూలిపోతుందన్నారు. మరో మాత్ర కలిపారు. ఆగమన్నారు.

ఒక పొద్దున చెరువు కట్ట మీద ఉండగా, "ఎండ బాగా ఉండాదే ఇవాళ, అయినా మసక మసగ్గా ఉండాదేందిరా" అన్నాడు. చెయ్యి ముందుకు చాపి వేళ్ళు ఆడించి చూసుకున్నాడు. మళ్ళీ ఆడించాడు. తర్వాత ఆ చేతిని పంచెకు తుడుచుకుని, ఏమీ కానట్టు కూర్చున్నాడు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

దారం అనుకున్న గడువుకే కరిగింది. పరీక్షకు పోయాం. డాక్టరమ్మ ఒత్తిడి చూసింది, మళ్ళీ చూసింది. "పదకొండు" అంది మెల్లగా. అంత మంచి ఒత్తిడి మామూలు మనుషులకు ఉంటుందట. తర్వాత దీపం వేసి చూసింది. వెలుతురు ఉందా లేదా తెలుస్తోంది తాతకు. అంతకు మించి ఏమీ లేదు.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "నరం ఆ వారాల్లోనే పోయింది కొండలయ్య గారూ. నాకు ఆ భయం ఉంది. అందుకే ఆ రోజు అడిగాను. మీరే వాల్వు లేనిది కావాలనుకున్నారు, నేను కాదనలేకపోయాను."

"నేననుకోలేదు తల్లీ. మీరే అదైతే మంచిదన్నారంట గదా."

ఆవిడ నా మొహం చూసింది, తాత మొహం చూసింది.

"ఆ మధ్యాహ్నం రెడ్డి గారు వచ్చి, మీరిద్దరూ మాట్లాడుకున్నారని చెప్పారు. మీ ఊళ్ళో నీళ్ళ వంతులు మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నామనీ, మీరే వంతు వదిలేశారనీ అన్నారు. ఆపరేషన్ ముందు మిమ్మల్ని అడిగితే సమ్మతమే అన్నారు. నేను నమ్మాను."

తాత కుర్చీలో నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "నేను వదిలినానన్నాడా?" అని మాత్రం అడిగాడు. ఆవిడ అవునంది. "నేను వదిలినానన్నాడా" అని మళ్ళీ అన్నాడు, ఈసారి ఎవరినీ అడగకుండా.

రెడ్డి తన వాల్వు ఇయ్యకపోతే ఇయ్యకపోయాడు. భయపడ్డాడు, మనిషి. కానీ మా చెరువు కింద ఏ పెద్దమనిషి తరం నుంచి వస్తున్నదో తెలియని ఆ మాటను పట్టుకుపోయి, తిరగేసి, ఆ గదిలో అమ్ముకున్నాడు. వంతు వదలడమనేది ఆవిడకు చెప్పింది ఎవరు? ఆయనే. తాత భుజం మీద చెయ్యేసి చెప్పాడు. ఊరొచ్చిన రోజే నేను రెడ్డి ఇంటికి పోయాను. వరండాలో కూర్చుని కంట్లో చుక్కలు వేయించుకుంటున్నాడు. ఆయన వాల్వు అప్పటికే కొంచెం మొరాయిస్తోంది, ఒత్తిడి ఎక్కుతోంది, పొద్దునా సాయంత్రం మందు. అయినా పేపరు చదువుకుంటున్నాడు.

"ఎందుకు చేసినారు?" అన్నాను.

"ఏం చేసినాను?"

"మీకు తెలుసు."

పేపరు మడిచాడు. "భయమేసిందిరా. ఏం చెయ్యమంటావు? కన్ను రా అది."

"ఆయనది కన్ను కాదా?"

"అడిగుండాల్సింది వాడు. అయ్యా నాకు కావాల అని ఒక్క మాట అనుంటే, నేను కాదనేవాణ్ణా?"

చెప్పుతో కొట్టాలనిపించింది. వాళ్ళావిడ లోపలి నుంచి తొంగి చూస్తోంది. వచ్చేశాను.

తాతకు చెప్పాను, అడిగుండాల్సింది అన్నాడని. "అట్టన్నాడా" అని, పడుకుని గోడ వైపు తిరిగాడు. ఆ తర్వాత రెడ్డి మాట ఎత్తలేదు. చర్చిలో నిద్రపోవడం కూడా మానేశాడు. ప్రసంగం అయ్యే దాకా కళ్ళు తెరుచుకుని కూర్చునేవాడు.

ఆ ఏడు కార్తీక వానలు మోసం చేశాయి. చెరువు సగం కూడా నిండలేదు. నాట్లు వేసేశారు. సంక్రాంతి దాటాక వంతులు పెట్టారు. కళ్ళు లేకపోయినా తూము తాతదే. నా భుజం పట్టుకుని కట్ట మీదికి నడిచేవాడు, తూము గడ ఎత్తితే వచ్చే నీళ్ళ చప్పుడును బట్టి ఎంత పారుతున్నదో చెప్పేవాడు. చేలు కూడా తిరిగేవాడు. బీటల్లో వేలు పెట్టి చూడటానికి కళ్ళెందుకు.

ఫిబ్రవరిలో రెడ్డి చేను ఎండు ముఖం పట్టింది. పైన కొసన ఉంటుంది అది, నీళ్ళు అందడం కష్టం. పొట్ట దశలో ఉంది. ఊరంతా చూస్తోంది, ఈయనేం చేస్తాడా అని. టీ అంగడి దగ్గర మస్తానయ్య, "ఈసారి ఆ గట్టు మీద పార కనపడదులే" అంటే నలుగురు నవ్వారు. నాకూ అదే నమ్మకం. నేను లోలోపల ఎదురుచూస్తున్నాను కూడా.

ఒక పొద్దున తాత, "రెడ్డి చేనికి తీసకపో" అన్నాడు.

"ఎందుకు తాతా?"

"తీసకపోరా."

గట్టు మీద నిలబెట్టాను. చెప్పు విప్పి చేలోకి దిగాడు. బొటనవేలు బీటలో దించాడు, పాదం సగం దాకా దిగిపోయింది. ఇంకో చోట చూశాడు. ఒక వరి పొట్ట చీల్చి లోపలి వెన్ను వేళ్ళతో నలిపి చూశాడు. పైకొచ్చి, పార చేతిలోకి తీసుకుని, గట్టు మీద నిలువుగా నాటాడు.

"వద్దు తాతా. వాడికా?"

"ఎండతా ఉండాది" అన్నాడు. "ఎండతా ఉంటే ఎండతా ఉండాదని చెప్పాల గదరా."

ఆ రోజు వంతు మస్తానయ్యది. తూము దగ్గర అందరూ చేరారు. రెడ్డి కూడా వచ్చాడు. పార ఆయన చేని గట్టు మీద నిలబడి ఉంది, అక్కడికి కనపడుతోంది. రెడ్డి నోరు తెరవలేదు. తెరవకూడదు కదా, ఎండేవాడు. పంచె కొస వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు. తాత తూము గడ పట్టుకుని మస్తానయ్య మాట కోసం కాచుకుని ఉన్నాడు.

మస్తానయ్య బీడీ నేల మీద నలిపాడు. "నా వంతు నా చేనికే పెట్టు కొండలన్నా" అన్నాడు.

"పార చూసినావా?" అన్నాడు తాత.

"చూసినా. నాకు రెండు కళ్ళు ఉండాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. రెడ్డి మొహం నల్లబడింది. ఏదో అనబోయి, తాత వైపు చూసి, వెనక్కి తిరిగి కట్ట దిగి వెళ్ళిపోయాడు. ఆసుపత్రి గదిలో తాత కూర్చున్నట్టే వీడూ నిలబడ్డాడు, చూడు, అనుకున్నాను.

తాత గడ ఎత్తలేదు. "నీ వంతు ఆ కరువేడు ఆయనకే వదిలినావు గదరా మస్తానా, నీ పైరు తాలు పోయినా వదిలినావు."

"అప్పుడు నాకు తెలవదు గదన్నా, ఈయన ఎట్టాంటోడో. నీకు చేసిందానికే నేను..."

"నాకోసరం చెయ్యబాక." తాత గొంతు పగిలింది. కన్ను పోయినప్పుడు కూడా ఆ గొంతు నేను వినలేదు. "నాకోసరమైతే చెయ్యబాక. ఒక్కడు వదలకపోతే ఆ ఒక్కడే చెడతాడు అనుకున్నా. ఇప్పుడు నువ్వూ ఆయనే అయినావు గదరా."

మస్తానయ్య తల దించుకున్నాడు. మాట మాత్రం మార్చలేదు. తాత గడ ఎత్తాడు. నీళ్ళు మస్తానయ్య చేలోకి పారాయి. రెడ్డి పైరు పదిరోజుల్లో పచ్చగడ్డికి కూడా పనికిరాకుండా ఎండింది. పశువులు కూడా సగం వదిలేసి పోయాయి.

నాకైతే ఆ ఎండిన చేను చూస్తే కడుపు నిండేది. తాత ముందు ఆ మాట అనలేదు.

మర్నాడు పొద్దున పార తెస్తానన్నాను. "ఉండనీరా" అన్నాడు. అది ఆ గట్టు మీదే వంగి, తుప్పు పట్టింది. రెడ్డి మనుషులు కూడా దాన్ని తీయలేదు. తర్వాతి సంవత్సరం ఊళ్ళో వంతులకు గడియారం పెట్టారు. తూము దగ్గర రాతి గూట్లో ఒక బల్ల గడియారం, దాని పక్కన ఒక కుర్చీ, వంతు వాడు కూర్చుని చూసుకుంటాడు. ఎండేవాడి చేను ఎండుతుంది. తాత చెరువు కట్ట ఎక్కడం మానేశాడు. ఇంటి ముందు మంచం మీద కూర్చుంటాడు. మద్రాసు నుంచి పరీక్షకు రమ్మని కార్డు వస్తే నేను తీసుకుపోతున్నాను. పోయిన నెల కూడా ఒత్తిడి పదకొండే.